తమ్ముడి వంతు

న్యూకాసిల్,
జనవరి 11, 2025

అక్కా,

ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెట్టాలి. క్షేమమో కాదో తేల్చడానికే వీళ్ళు నాకు పరీక్షలు పెడుతున్నారు కాబట్టి ఆ మాట ప్రస్తుతానికి వదిలేస్తున్నాను. నువ్వూ, బావా, సిరీ బాగున్నారని తలుస్తాను.

ఉత్తరాలు రాసుకుందామన్నది నీ ఆలోచనే. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను విసుక్కుంటాను, పక్కనున్న బావ లేచి బయటికి వెళ్ళిపోతాడు. పైగా ఇప్పుడు నా దగ్గరున్నది బటన్ల ఫోను. దాంట్లో ఇంటర్నెట్ లేదు, అందుకే కొన్నాం. చేత్తో తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో, ఒత్తులు ఎక్కడ పడుతున్నాయో చూసుకుని నవ్వుకో.

నిన్న జూదం మాన్పించే క్లినిక్‌లో ఒక కొత్త స్టడీలో, అంటే పరిశోధనలో, చేర్చుకున్నారు. కాగ్నిటివ్ ట్రైనింగ్ అంటారు, మెదడుకి కసరత్తు అనుకో. కరోలిన్ అని ఒకావిడ చూసుకుంటుంది. తెర మీద బొమ్మలు వచ్చి పోతుంటాయి. బొమ్మ చుట్టూ నీలం గీత ఉంటే చప్పున మీట నొక్కాలి. పసుపు గీత ఉంటే చెయ్యి ఆపుకోవాలి. ఒక కుర్చీ, ఒక కెటిల్, ఒక కుక్క, ఉన్నట్టుండి జూదమాడే రూలెట్ చక్రం. చక్రానికి ఎప్పుడూ పసుపు గీతే. తర్వాత అంకెలు చూపించి వెనక నుంచి అప్పజెప్పమంటారు. జూదం బొమ్మ చూడగానే చెయ్యి పోయే అలవాటుని ఇలా కొంచెం కొంచెంగా విడిపించవచ్చని వాళ్ళ ఆలోచన. మిగతా సెషన్లు ఇంట్లో, జూదం సైట్లు తెరుచుకోకుండా వాళ్ళు బిగించి ఇచ్చిన ల్యాప్‌టాప్ మీద చేసుకోవాలి. బుధవారాలు క్లినిక్‌లో అందరం కూర్చుని మాట్లాడుకుంటాం.

దీంతో నయమవుతుందా అని కరోలిన్‌ని అడిగాను. తెలీదు, తెలుసుకోవడానికే ఈ స్టడీ అంది. నాకు ఆ జవాబు నచ్చింది. ఈ మధ్య నా గురించి తెలీదు అన్నవాళ్ళు లేరు, అందరికీ అంతా తెలిసిపోయింది.

సిరి నన్ను అడుగుతోందా? పార్కులో ఆ రోజు ఫోను వదిలి వెనక్కి తిరిగి చూసేసరికి ఉయ్యాల ఊగుతోంది, అందులో పిల్ల లేదు. బస్ స్టాపు దగ్గర ఆ గుజరాతీ ఆంటీ దాని చెయ్యి పట్టుకుని నిలబడకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ పూర్తిగా ఆలోచించలేను. సగం దాకా వెళ్ళి ఆగిపోతాను. బావ నన్ను గడప తొక్కవద్దనడం న్యాయమే.

నీ తమ్ముడు,
సాకేత్

వెంబ్లీ,
జనవరి 19

ఒరేయ్ సాకేత్,

దీవెనలు తర్వాత, ముందు తిట్లు. నీ ఉత్తరంలో అన్నం గురించి ఒక్క ముక్క లేదు. ఏం తింటున్నావో రాయి. టేక్‌అవే డబ్బాల లెక్క చెప్పకు, వండుకున్నదే చెప్పు.

నీకు స్మార్ట్‌ఫోను లేదు కాబట్టి మీ స్టడీ వాళ్ళ మెయిళ్ళన్నీ నాకే వస్తున్నాయి. ఈ రోజు సాకేత్‌కి సెషన్ ఉంది, గుర్తు చేయండి అని ఒకటి, చేసేశాడు, థాంక్యూ అని ఒకటి. రేపు కట్టుకునే అమ్మాయి కూడా నీ వెంట ఇంతగా పడదు. లాగిన్ పాస్‌వర్డ్ కూడా నా దగ్గరే ఉంది, నీ బ్యాంకు కార్డు లాగే. మూడు సెషన్లు ఎగ్గొడితే స్టడీలోంచి తీసేస్తారని రాశారు, చూసుకున్నావా?

ఇంటర్‌లో నీ బోటనీ రికార్డు మొత్తం నేనే వేశాను. నువ్వు క్రికెట్ ఆడి వచ్చి పడుకుంటే నేను మందార పువ్వు నిలువుకోత గీసి రంగులు నింపేదాన్ని. మీ లెక్చరర్ ఆ బొమ్మని క్లాసంతా తిప్పి చూపించాడని నువ్వే వచ్చి గొప్పగా చెప్పావు. ఇది అలాంటిది కాదు. నీ మెదడు నువ్వే బాగుచేసుకోవాలి.

మీ బావ నీ పేరెత్తడు. భోజనాల దగ్గర నీ మాట వస్తే పెరుగు అడుగుతాడు. అయినా మొన్న ఒక మాటన్నాడు, క్లినిక్ వాళ్ళు బాగుపడ్డాడని చెబితే అప్పుడు చూద్దామని. అది నాకు చాలు. ఎలాగైనా ఈ స్టడీ దాటెయ్యి. నాకు నువ్వూ కావాలి, ఈ ఇల్లూ కావాలి. రెంటి మధ్యా నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి.

సిరి అడుగుతోంది. "వేర్ ఈజ్ మామయ్యా?" అంటుంది. బిజీ అని చెబుతున్నాను.

మీ అక్క,
బిందు

న్యూకాసిల్,
ఫిబ్రవరి 10

అక్కా,

పప్పుచారు వండుకున్నాను. నువ్వు నమ్మవని తెలుసు, ఉత్తరం మీద మరక చూడు.

ఒక చెడ్డ సంగతి. కేర్ హోమ్‌లో నాతో పనిచేసే ఇద్దరికి జబ్బు చేసింది, డ్యూటీల రోటా మొత్తం నా మీద పడింది. ముసలివాళ్ళని లేపి, స్నానాలు చేయించి, తినిపించి గదికి వచ్చేసరికి ల్యాప్‌టాప్ మూత తీసే ఓపిక ఉండటం లేదు. ఇప్పటికే రెండు సెషన్లు పోయాయి. శుక్రవారంది మూడోది. ఆ రోజు పొద్దున ఎక్కితే రాత్రి దాకా డ్యూటీనే, కుదిరేలా లేదు. తీసేస్తే తీసేస్తారు.

నిజం చెప్పాలంటే ఓపిక ఒక్కటే కారణం కాదు. ఆ చక్రం బొమ్మ వచ్చినప్పుడల్లా చెయ్యి ముందు వెళ్ళిపోతోంది, తర్వాతే నాకు తెలుస్తోంది. తప్పు నొక్కినప్పుడల్లా తెర ఎర్రబడుతుంది. రోజంతా మంచి పనులు చేసి వచ్చి, నేనెలాంటివాణ్ణో ఆ ఎరుపులో చూసుకోవడం నా వల్ల కావడం లేదు.

ఇక్కడ మనవాడు ఒకాయన దొరికాడు. మస్తాన్ అంకుల్, గుంటూరు వైపు. టాక్సీ నడుపుతాడు. గుర్రప్పందేలతో మొదలై జూదం మెషిన్ల దాకా వచ్చాడట. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆయన కూడా ఈ స్టడీలోనే ఉన్నాడు. నన్ను బాబూ అంటాడు, వింటుంటే ఊళ్ళో ఉన్నట్టుంది.

సాకేత్

వెంబ్లీ,
ఫిబ్రవరి 18

సాకేత్,

శుక్రవారం కుదరదని రాశావు, పూర్తయిందని మెయిల్ వచ్చింది. ఎలాగో కుదుర్చుకున్నావన్నమాట. ఆ తర్వాతవి కూడా వరసగా పూర్తయినట్టే వస్తున్నాయి. సంతోషం.

నీ చెయ్యి ముందు వెళ్ళిపోతుందని రాసింది పదేపదే చదువుకున్నాను. ఇన్నాళ్ళూ నీకు బుద్ధి లేదనీ, గట్టిగా అనుకుంటే మానెయ్యవచ్చనీ నిన్ను తిట్టాను. అమ్మతో కూడా అదే అన్నాను. అది అంత సులువు కాదని ఇప్పుడనిపిస్తోంది. ఆ బంగారు నాణేల బొమ్మ వచ్చే ముందు చిన్న గంట మోగిస్తారు చూడు, ఎంత దుర్మార్గం. ఆ చప్పుడుకే వేలు కదిలిపోతుంది. ఎప్పుడూ జూదం ఆడని వాళ్ళకే అలా ఉంటే, నీకెలా ఉంటుందో.

నిన్ను అన్న మాటలకి బాధగా ఉంది. ఒంట్లో బాగుండటం లేదు, సరిగ్గా తినబుద్ధి కావడం లేదు. ఆఫీసులో లంచ్ టైములో కారులో కూర్చుంటున్నాను. కంగారు పడకు, జీపీ డాక్టరు దగ్గరికి వెళ్ళేంత లేదు.

బిందు

న్యూకాసిల్,
మార్చి 6

అక్కా,

అవును, ఎలాగో కుదుర్చుకున్నాను.

కరోలిన్ నిన్న నా గ్రాఫ్ కాగితం మీద తీసి ఇచ్చింది. మొదట్లో కిందెక్కడో ఉన్న గీత ఫిబ్రవరి మధ్య నుంచి నిటారుగా లేచింది. ఇంత మార్పు తను ఇంకెవరిలోనూ చూడలేదట. ఇలా ఇంకొందరిలో కనిపిస్తే, ఈ ట్రైనింగ్ పనిచేస్తోందని పైవాళ్ళకి చెప్పి అన్ని క్లినిక్‌లలో పెట్టించవచ్చని ఆశపడుతోంది. కళ్ళు మెరిశాయి ఆవిడకి. నేను థాంక్యూ అన్నాను.

ఆ కాగితం మస్తాన్ అంకుల్‌కి చూపించాను. ఎందుకు చూపించానో అడగకు. చాలా రోజుల తర్వాత నా చేతిలో చూపించుకోదగ్గది ఒకటి ఉంది, అంతే.

ప్రోగ్రెస్ రిపోర్టు నీకు కూడా పంపుతామన్నారు. అందితే చెప్పు. ఆరోగ్యం జాగ్రత్త.

సాకేత్

వెంబ్లీ,
మార్చి 23

సాకేత్,

రిపోర్టు అందింది. నేను దాన్ని లోపల పెట్టేలోపే మీ బావ టేబుల్ మీద చూసి చదివాడు. రెండుసార్లు చదివాడు. తర్వాత సిరి పక్కన కూర్చుని దాని బొమ్మల పుస్తకం తిరగేశాడు.

రాత్రి భోజనం దగ్గర చెప్పాడు. ఈస్టర్ సెలవుల్లో సిరికి స్కూలు లేదు, ఇద్దరికీ ఆఫీసు ఉంది. వాణ్ణి రమ్మను, పిల్లని చూసుకుంటాడు, వాడి మీద నమ్మకం ఉందని వాడికి తెలియాలి కదా అన్నాడు. మీ బావ నోట ఈ మాట వినాలని ఎన్ని నెలలుగా ఎదురుచూశానో నీకు తెలుసు. విన్నాక సగం తిన్న కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టేశాను.

సిరికి కూడా చెప్పేశాడు. అది అప్పుడే పార్కుకి ఏ బొమ్మ తీసుకెళ్ళాలో ఆలోచిస్తోంది.

నీ రోటా ఎలా ఉందో చూసుకుని రాయి. సెలవు దొరకకపోతే ఫర్వాలేదు. దొరకడం కష్టమే అనుకుంటాను. రాలేకపోయినా మేమేమీ అనుకోం, నిజంగా.

బిందు

న్యూకాసిల్,
మార్చి 30

అక్కా,

రాను. సెలవు దొరికింది, అయినా రాను.

నువ్వు ఏ మాట నీ నోట రాకూడదని ఇంత డొంకతిరుగుడుగా రాశావో, ఆ మాట నేనే రాసేస్తున్నాను. ఫిబ్రవరి రెండో వారం నుంచి నేను ఒక్క సెషన్ కూడా చెయ్యలేదు. నా పేరుతో చేసింది నువ్వు. ఆ గంట చప్పుడు కసరత్తు మూడో మెట్టులో గానీ రాదని కరోలిన్ మొదట్లోనే చెప్పింది. నేను రెండో మెట్టు దాటలేదు. నీ ఉత్తరంలో గంట సంగతి చదవగానే నాకు అర్థమైంది. నువ్వు కారులో కూర్చుని అన్నం మానేసి నా కోసం బొమ్మలు నొక్కుతున్నావని తెలిసి కూడా, అవును కుదుర్చుకున్నాను అని రాశాను. హాయిగా అనిపించిందక్కా. నిద్ర పట్టింది. నిన్ను అడిగితే మానేస్తావని అడగలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. రిపోర్టు బాగుందని తెలిసిన వారమే, కేర్ హోమ్‌లో ఒకతని ఫోను తీసుకుని ఆడాను. ఎంత పోయిందన్నది ముఖ్యం కాదు, జీతం నీ దగ్గరే ఉంది కాబట్టి తక్కువే. కానీ ఆడాను. నాకు నయమైపోయిందని కాగితం చెబుతోంది కదా, ఒకసారికి ఏమవుతుందిలే అనుకున్నాను.

అప్పుడైనా చెప్పేవాణ్ణి కాదేమో. మొన్న బుధవారం మస్తాన్ అంకుల్ క్లినిక్‌కి రాలేదు. టాక్సీ స్టాండుకి వెళ్ళి పట్టుకున్నాను. ఆయన ఒక్కరోజు కూడా ఎగ్గొట్టకుండా చేస్తున్నాడు, ఆయన గీత మాత్రం కిందే ఉంది. నాతో ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తాను. "నీకు లేచింది బాబూ, నాకు లేవట్లా. నా బుర్ర ఇంక బాగుపడేది కాదని తెలిసిపోయింది. ఊరికే ఆ కరోలిన్ టైమెందుకు తినడం?" అన్నాడు. ఆయన పక్కన కూర్చుని, డాష్‌బోర్డు మీద మడతపెట్టి పెట్టుకున్న నా గ్రాఫ్ చూశాను. ఆయన దాన్ని ఫోటోకాపీ తీయించుకున్నాడు.

అక్కడే చెప్పాను. ఆ గీత నాది కాదు, జూదం అంటే ఏమిటో తెలియని మనిషిది అని. ఆయన కోప్పడితే బాగుండేది. కారు తలుపు తీసి, దిగు బాబూ, కిరాయి వచ్చింది అన్నాడు. ఎవరూ రాలేదు.

మర్నాడు కరోలిన్‌కి చెప్పాను. ఎవరు చేశారో చెప్పలేదు, మా ఇంట్లో ఒకరు అన్నాను. ఆవిడకి తెలిసిపోయే ఉంటుంది. అరవలేదు. నోట్ చేసుకుంటూ చేసుకుంటూ పెన్ను కింద పెట్టేసింది. నా లెక్కలన్నీ స్టడీలోంచి తీసేయాలి, నేను అందులో ఇంక ఉండటానికి లేదు, మామూలు క్లినిక్‌కి మాత్రం రావచ్చు అంది. చివరికి ఒకటే అడిగింది, నువ్వు చెప్పకపోతే ఈ తప్పుడు లెక్క నమ్మి ఎంతమందికి ఇది ఇచ్చేవాళ్ళమో ఆలోచించావా అని. ఆలోచించలేదని చెప్పాను. మనిద్దరం ఆలోచించలేదు.

పార్కు సంగతి కూడా నీకు పూర్తిగా చెప్పలేదు. ఓడిపోయి ఒళ్ళు తెలియక పిల్లని వదిలేశానని మీరంతా అనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. ఆ రోజు నేను గెలుస్తున్నానక్కా. సిరి మామయ్యా అని పిలవడం నాకు వినబడింది. ఒక్క నిమిషం తల్లీ అన్నాను.

అలాంటివాడి చేతికి సిరిని ఎలా ఇవ్వబోయావు? నిన్ను నిలదీయడం లేదు. నా మీద నీకున్నది ప్రేమే అని తెలుసు. ఆ ప్రేమ తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తోంది.

సాకేత్

వెంబ్లీ,
ఏప్రిల్ 8

సాకేత్,

నీ ఉత్తరం వచ్చిన రోజే మీ బావకి అంతా చెప్పాను. కరోలిన్ దగ్గర నువ్వు నా పేరు దాచావు, అది ఇంకా బాధనిపించింది.

మొదటిది చేసింది నిన్ను స్టడీలోంచి తీసేస్తారనే భయంతో. ఒక్కటే అనుకున్నాను. మర్నాటి మెయిల్ వస్తే, తమ్ముడు డ్యూటీలో ఉంటాడులే అని ఇంకొకటి చేశాను. తర్వాత మెయిల్ కోసం నేనే ఎదురుచూడటం మొదలుపెట్టాను. స్కోరు పెరిగితే ఆ రోజంతా హుషారు. తగ్గితే మధ్యాహ్నం మీటింగులో ఎవరేమంటున్నారో వినబడేది కాదు. తప్పు చేస్తున్నానని తెలుసు, మానలేకపోయాను. నిన్ను ఎన్నిసార్లు అడిగాను, తెలిసి తెలిసి ఎలా చేస్తావురా అని. ఎలా చేస్తారో నాకిప్పుడు తెలుసు.

అసలు పాపం అది కూడా కాదు. ఈస్టర్‌కి రమ్మని మీ బావ అన్నప్పుడు ఆ స్కోరు నాదని చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. చెప్పలేదు. నువ్వే రానంటావులే అనుకుని ఆ ఉత్తరం రాశాను. నువ్వు వస్తానని రాసి ఉంటే ఏం చేసేదాన్నో, దేవుడి ముందు నిలబెట్టి అడిగినా చెప్పలేను. బహుశా ఇంట్లో ఉన్న ఫోన్లు తీసి దాచి, జాగ్రత్త అని చెప్పి ఆఫీసుకి వెళ్ళిపోయేదాన్ని.

మీ బావ అంతా విన్నాడు. తర్వాత ఒక్క మాటన్నాడు. "వాడు పిల్లని చూసుకోక వదిలాడు. నువ్వు చూస్తూ చూస్తూ వదలబోయావు."

ఆయన సెలవు పెట్టి ఇంట్లో ఉండి సిరిని తనే చూసుకుంటున్నాడు. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు నేను సిరికి ముద్దుపెడుతుంటే పక్కన నిలబడి చూస్తాడు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నీ చోటు ఎక్కడుందో ఇప్పుడు నా చోటు అక్కడికి వచ్చింది.

నిన్ను గురించి ఒకటే అడిగాడు. వాడే చెప్పాడా, నువ్వడిగితే చెప్పాడా అని. వాడే చెప్పాడన్నాను. ఆయన తల ఊపాడు. దానికి ఇంతకంటే అర్థం వెతుక్కోకు, నేనూ వెతుక్కోవడం లేదు.

కరోలిన్‌కి క్షమాపణ రాసి పంపాను. నీ పాస్‌వర్డులూ కార్డూ ఇంక నా దగ్గర ఉండకూడదు. క్లినిక్‌లో వీటిని చూసుకునే మనిషి ఎవరైనా ఉంటే చెప్పు, వాళ్ళకి పంపిస్తాను. నీకు ఏం చేసి పెట్టాలో తెలియడం లేదురా. ఏమీ చెయ్యకుండా ఉండటం నాకు చేతకాదు, అది నేర్చుకోవాలి.

సిరికి ఏం చెప్పాలో మాత్రం రాయి. రోజూ కిటికీ దగ్గర నిలబడుతోంది. మామయ్య రాడని చెప్పెయ్యమంటావా?

అక్క

న్యూకాసిల్,
ఏప్రిల్ 17

అక్కా,

క్లినిక్‌లో డబ్బు వ్యవహారాలు చూసే ఆవిడ ఉంది, అడ్రసు వెనక రాశాను.

స్టడీ కాకపోయినా ఆ కసరత్తు చేసుకోనిస్తారా అని అడిగాను. నయమవుతుందని మాట ఇవ్వలేము, మిగతా చికిత్సతో పాటు చేసుకో అన్నారు. నిన్న క్లినిక్‌లోనే, అందరి ముందూ కూర్చుని మొదటి మెట్టు నుంచి చేశాను. తెర ఎర్రబడుతూనే ఉంది. మధ్యలో లేచిపోదామనుకున్నాను, లేవలేదు. అంతా అయ్యాక వచ్చిన గీత చూస్తే బోటనీ లెక్చరర్ కాగితం విసిరికొట్టేవాడు. అది మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎవరికీ చూపించలేదు.

మస్తాన్ అంకుల్ మళ్ళీ వస్తున్నాడు. నాతో మాట్లాడటం లేదు. నా పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా అవతల కూర్చుంటాడు. వస్తున్నాడు కదా, అది చాలు.

బావతో నా తరఫున ఏమీ చెప్పకు. నీ తరఫున కూడా నేను ఆయనకి రాయను. నీ తిప్పలు నువ్వే పడాలి, నావి నేను పడతాను. నీ మీద కోపం లేదని మాత్రం తెలుసుకో. అన్నం తిను.

నన్ను ఇప్పుడే రానివ్వకండి. నేనే బతిమాలినా రానివ్వకండి. సిరికి మామయ్య బిజీ అని అబద్ధం చెప్పవద్దు. నిన్ను చూసుకునేంత బాగుపడలేదు, దానికోసమే కష్టపడుతున్నాడు అని చెప్పు. దానికి అర్థం కాకపోతే మామయ్య ఇంకా రాలేదు అని చెప్పు. రాడని మాత్రం చెప్పకు.

సాకేత్